ఆశీలు రసీదు

సోమవారం సంతలో
గంపకు పది, బస్తాకు పది, మేకకు ఇరవై.
పంతొమ్మిదేళ్లుగా చింపుతున్నాను ఈ పసుపు కాగితాలు.
బొటనవేలికి కాయ కాసింది.

మొన్న పంచాయతీ ఆఫీసు వరండాలో
సర్పంచి శకుంతల కాగితం చదివింది:
ఆశీలు మీద రెండు రూపాయలు పెంచుదాం,
ఆ రెండూ వేరే ఖాతాలో వేద్దాం.
సబ్ సెంటరుకి రక్తపరీక్ష మిషను,
డయాలసిస్‌కి వెళ్లేవాళ్లకి
వారానికి మూడుసార్లు వ్యాను.

వ్యాను అనగానే వెనక బెంచీ కదిలింది.
ముంజేతి మీద తాడులా ఉబ్బిన నరాన్ని
తువ్వాలుతో కప్పుకుని కూర్చునే బెంచీ అది.
ఉద్దానంలో ఏ ఊరికైనా అలాంటిదొకటి ఉంటుంది.

జీడిపప్పు వైకుంఠరావు లేచాడు.
"వైద్యం సర్కారు పని. మన గంపల మీద పడతారేం?
ముందు ఈ జబ్బెందుకొస్తోందో చెప్పమనండి.
ఇక్కడ రెండు పెంచితే
బేరం పక్కూరి సంతకి పోతుంది."

అతని మాటలో అబద్ధం లేదు.
మా నుయ్యి నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లినవాళ్లు
సంగతి చెప్పలేదు సరికదా
సీసాలైనా తిరిగివ్వలేదు.

కూర్మనాథం మాస్టారు గోడ మీద బొగ్గుతో లెక్క వేశారు.
నాలుగొందల గంపలు, నూటయాభై బస్తాలు,
వారానికి పదకొండొందలు.
"డీజిలుకి సరిపోతుంది,
డ్రైవరుకి చాలదు.
మిషను మాట మళ్లీ చూద్దాం" అని
బొగ్గు ముక్కని పంచెకి తుడుచుకున్నారు.

అప్పుడు లేచింది ఎండుచేపల దాలమ్మ.
"నా గంపలో ఏటున్నాది బాబూ? నెత్తళ్లు.
ఆ బాబు బస్తాలో ఏటున్నాది? జీడిపప్పు.
నాకూ రెండే, ఆ బాబుకీ రెండేనేటి?
ఇదెక్కడి తూకం?
జబ్బు నా ఇంట్లోనే, పన్నూ నా గంప మీదేనా?
మా ఇంటాయన్ని తీసుకెళ్లడానికి
ఆటోవోడికి వారానికి పన్నెండొందలిస్తన్నాను.
రెండిచ్చి పన్నెండొందలు మిగుల్చుకోడం
నాకు తెల్దేటి? తెలుసు.
అయినా అడుగుతాను.
ఈదిలైట్లకని ఆయేడు తీసిన రూపాయి
ఏటైపోనాది?"

ఆ రూపాయి రసీదులు చింపింది నేనే.
ఆర్నెల్లు వెలిగాయి లైట్లు.
తరవాత సంగతి నాకూ తెలీదు.
పైకి చూశాను,
వరండా బల్బు చుట్టూ పురుగులు.

శకుంతల కళ్లద్దాలు తుడుచుకుంది.
లైట్ల రూపాయి గురించి ఏమీ అనలేదు.
కాసేపటికి మాత్రం, "గంపకి రూపాయి,
బస్తాకి ఇరవై. సంత మొగలో నల్లబల్ల మీద
వారంవారం లెక్క రాయాలి. దాలమ్మా, అదేనా నీ మాట?"

వైకుంఠరావు పెద్దగా నవ్వాడు.
నవ్వుతూ నవ్వుతూ వెనక్కి తిరిగాడు.
వెనక బెంచీలో వాళ్ల తమ్ముడి కొడుకు,
ముప్ఫై దాటలేదు,
నీళ్లు తాగడానికి కూడా లెక్క చూసుకునే కుర్రాడు,
గుక్కెడు తాగి సీసా మూత బిగిస్తున్నాడు.

"పదిహేను," అన్నాడు వైకుంఠరావు.
"పద్దెనిమిది," అంది దాలమ్మ.
బేరం ఆడటం వచ్చిన ఊరు మాది.

అంతలో వాన. కరెంటు పోయింది.
చీకట్లో చేతులెత్తితే ఎలా లెక్కపెడతామని
వచ్చే సభకి వాయిదా వేశారు.
నేనెలాగూ ఎత్తకూడదు, జీతగాణ్ణి.
నా రసీదు పుస్తకం అట్టలో
మడిచిపెట్టిన కాగితం ఒకటుంది,
క్రియాటినిన్ రెండు పాయింట్ తొమ్మిది.
ఇంట్లో చెప్పలేదు.

ఇవాళ పొద్దున సోంపేట ప్రెస్సుకి వెళ్లాను.
పాత పుస్తకాలు అయిపోవచ్చాయి.
అక్షరాలు సరిచూస్తూ కుర్రాడు అడిగాడు,
"రూపాయల దగ్గర ఎంత వెయ్యమంటారు?"
"ఏమీ వెయ్యకు. ఒక గీత గీసి వదిలెయ్."

"ఖాళీగా వదిలితే
ఎవడికి తోచినంత వాడు రాసుకోడా మాస్టారూ?"

"రాసుకుంటాడు," అన్నాను.
"అయినా వదిలెయ్."